రెండో పుల్ల

సలోమి పోయిన రోజున పరిశోధనశాల బస్సు ఎప్పటికంటే అయిదు నిమిషాలు ముందే చేరింది. కిటికీ పక్క సీట్లో తల వాల్చి ఉన్న ఆమెను నిద్రపోతోందనుకుని ఎవరూ లేపలేదు. అందరూ దిగిపోయాక డ్రైవరు వచ్చి, "మేడమ్, వచ్చేశాం" అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు. ఆమె ఒళ్ళో టిఫిను డబ్బా ఉంది. అందులో ఆ పొద్దున ఆమె భర్త దైవసహాయం మాస్టారు పెట్టిచ్చిన నాలుగు ఇడ్లీలు ఉన్నాయి.

గుండె ఆగిపోయిందన్నారు. ఆయన ఇంకేమీ అడగలేదు. సమాధి కార్యక్రమం అయింది, ఇంట్లో ప్రార్థనలతో ఆదరణ కూటం అయింది, బంధువులు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఆయన మళ్ళీ హైస్కూలుకు వెళ్ళి సాంఘిక శాస్త్రం చెప్పుకుంటున్నాడు.

ఆ రోజున సలోమితో పాటు ఒక సంఖ్య కూడా పోయిందని ఆయనకు నెల తర్వాత తెలిసింది. మార్చి నెల, ఒంటిపూట బడులు. మధ్యాహ్నం ఆయన అన్నం తిని కంచం కడుగుతుంటే డాక్టర్ కాంతిమతి వచ్చింది. పరిశోధనశాలకు ఆమే పెద్ద. సలోమికి పదిహేనేళ్ళ స్నేహితురాలు. జూన్‌లో రిటైరవబోతోంది.

"మాస్టారూ, సలోమి మా బీరువాలో ఒక కవరు పెట్టింది. నిన్న అందరి ముందూ తెరిచాం. అంకె ఉంటుందనుకున్నాం. ఇది ఉంది" అని ఆమె ఒక చీటీ చేతికిచ్చింది.

సలోమి చేతిరాత. "ఎనిమిదో తరగతి బి సెక్షను. జూలై పదకొండు. మా సారు ఫోనులో చెప్పిన హాజరు." కింద సంవత్సరం. ఆరేళ్ళ కిందటిది.

మాస్టారికి నవ్వొచ్చింది. నెల రోజుల్లో అదే మొదటిసారి.

"అంకె వేసేస్తే పోయేదిగా?"

"మేమూ అదే అన్నాం. అంకె వేస్తే మీలో ఒకరు కవరుని ఎండకు పట్టి చూస్తారు అంది. మా సారు రిజిస్టరు ఎక్కడికీ పోదు, అది చాలు అంది."

ఆ సంఖ్య దేనికో మాస్టారికి కొంత తెలుసు. ఓ ఆదివారం ఆరాధనకు వెళ్ళబోయే ముందు వంటింట్లో ఇడ్లీ ఉడికిందో లేదో చూడ్డానికి ఆయన ఒక పుల్ల గుచ్చి తీశాడు. పక్కనే జడ వేసుకుంటున్న సలోమి చెయ్యి ఆపింది.

"సాంఘిక శాస్త్రం సారూ, మేం చేసేదీ ఇదే. సీసపు కేంద్రకాలు రెంటిని ఎదురెదురుగా ఢీకొట్టిస్తే ఒక బొట్టంత పదార్థం పుడుతుంది. సూర్యుడి నడిబొడ్డు కంటే లక్ష రెట్లు వేడి. పుట్టినంత సేపు కూడా ఉండదు. దాని లోపల ఎలా ఉందో అది చెప్పదు. పుల్ల చెప్పాలి."

"మీకు పుల్ల ఏది?"

"చార్మ్ క్వార్క్ అని బరువైన కణం. దాన్ని ఆ వేడిలోంచి పంపి, బయటికొచ్చాక ఎంత నీరసపడిందో చూస్తాం. ఎంత పోగొట్టుకుందో తెలిస్తే ఎందులోంచి వచ్చిందో తెలుస్తుంది." ఆమె ఇంకో పుల్ల తీసి అదే రంధ్రంలో గుచ్చింది. "ఇప్పుడు చెప్పండి. రెండో పుల్లకి పిండి ఎక్కువ అంటుకుంటుందా, తక్కువా?"

"తక్కువే. దారి పడిందిగా."

"ఇడ్లీ కాబట్టి పడింది. నీళ్ళల్లో అయితే వెంటనే మూసుకుపోతుంది. ఆ వేడి పదార్థం నీళ్ళకంటే పల్చన, అందులో దారేం నిలుస్తుంది అంటున్నారు అందరూ. నిలుస్తుందని నేను అంటున్నాను. నన్ను చూసి నవ్వుతున్నారు."

రెండు కణాలను ఒకదాని వెనక ఒకటిగా, ఒకే దారిన పంపడం అంతకుముందు ఎవరి చేతా కాలేదు. వేలెడంత స్ఫటికాన్ని వంచి, కణాలు అందులోంచి వరసలో నడిచేలా చేసింది సలోమి. చీమకుర్తి పక్కన తవ్వి వదిలేసిన గ్రానైట్ క్వారీ అడుగున ఆ స్ఫటికాన్ని బిగించారు. మొదటి కణం కంటే రెండోది నూటికి ఎంత తక్కువ పోగొట్టుకుందో ఆరేళ్ళపాటు కొలిచారు. ఆ ఆరేళ్ళలో ఇంట్లో పొద్దుటి పొయ్యి మాస్టారిదయింది.

కొలిచేవాళ్ళు తాము కోరుకున్న వైపు తెలియకుండానే మొగ్గుతారని వాళ్ళకో నియమం ఉంది. కొలత మొదలవకముందే ఫలితానికి ఒక రహస్య సంఖ్య కలిపేస్తారు. స్క్రీను మీద కనపడేది అసలూ రహస్యమూ కలిసిన మొత్తం. అంతా అయ్యాకే రహస్యం తీసేస్తారు. ఆ సంఖ్యను భౌతికశాస్త్రం తెలియనివాళ్ళే ఎంచాలి. అందుకే ఆ రోజు సలోమి బడికి ఫోను చేసింది. విన్న అంకెను యంత్రంలో వేసి తాళం వేసింది. అంకె తనకు తెలుసు కాబట్టి ఆ తర్వాత స్క్రీను ఉన్న గదిలోకి ఆమె అడుగు పెట్టలేదు. ఆ తాళం తీసే మాట ఆమెకొక్కదానికే తెలుసు.

"బద్దలు కొడితే?" అన్నాడు మాస్టారు.

"కొలతలు కూడా పోతాయి. అలా కట్టింది. ఆ అంకె దొరక్కపోతే ఆరేళ్ళ పని తాళంలోనే ఉంటుంది. మళ్ళీ మొదటినుంచి కొలవాలి, ఎంత తొందరపడ్డా నాలుగేళ్ళు. అప్పటికి నేనుండను." కాంతిమతి లేచింది. "ఇంకొక్క మాట. స్క్రీను మీద ఎంత ఉందో మీకు చెప్పను. మీరూ ఎవర్నీ అడక్కండి. రహస్యం తీసేశాక నూటికి రెండు లోపు మిగిలితే దారి లేనట్టే. మూడు దాటితే సలోమి మాట నిలిచినట్టు. స్క్రీను అంకె తెలిసిన మనిషి జ్ఞాపకాన్ని మేం వాడుకోలేం."

"అట్లాగే అమ్మా. రిజిస్టరు చూసి చెబుతాను."

మర్నాడు స్టాఫ్ రూములో పాత బీరువా తెరిస్తే తెలుగు మాస్టారు, "ఏంది దైవసహాయం గారూ, పాత బాకీదార్లను వెతుకుతున్నారా?" అన్నాడు. ఎనిమిది బి రిజిస్టరు అడుగున ఉంది. చెదలు అంచులు మాత్రమే తిన్నాయి.

జూలై పదకొండు. క్లాసులో మొత్తం నలభై ఒక్కరు. హాజరు ఇరవైతొమ్మిది. కానీ ఆ ఇరవైతొమ్మిదిలో మూడు పేర్ల దగ్గర ముందు గైర్హాజరు గుర్తు వేసి, దాని మీద అడ్డగీత కొట్టి, హాజరు వేసి ఉంది.

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు వాన. వాగు అవతలి పిల్లలు ముగ్గురు ఆలస్యంగా వచ్చారు. ఆలస్యమైనవాణ్ణి బయట నిలబెట్టడం ఆయనకు ఇష్టం ఉండదు. తడిసిన పిల్లవాడు వచ్చాడంటే వచ్చినట్టే. ఎన్ని గంటలకు వచ్చినా దిద్దేవాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన ఆ సంగతి, ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన సలోమికి తెలియదు. రిజిస్టరు అంటే రాయి మీద చెక్కిన అక్షరం అనుకుంది.

ఫోను వచ్చినట్టు గుర్తుంది. "ఇవాళ ఎంతమంది?" అని ఆమె అడిగినట్టు గుర్తుంది. వానకు సెలవిచ్చారేమోనని అడుగుతోందనుకున్నట్టూ గుర్తుంది. చెప్పింది ఇరవయ్యారో ఇరవైతొమ్మిదో గుర్తులేదు.

కొంచెం వ్యవధి అడుగుదామని ఆ మధ్యాహ్నమే పరిశోధనశాలకు వెళ్ళాడు. కాంతిమతి కింద, క్వారీ అడుగున ఉందన్నారు. క్యాంటీనులో గురవయ్య ఎదురయ్యాడు. యంత్రంలో గాలి తోడేసే పంపులు చూసే మనిషి. అతని తండ్రి ఇదే క్వారీలో రాళ్ళు కొట్టాడు.

"రాండి సారూ, టీ తాగుదాం. మేడమ్ లేకపోయాక ఈ టీ కూడా చప్పబడింది. పంపు శబ్దం కాస్త మారితే చాలు, గురవయ్యా, దానికి జలుబు చేసింది చూడు అనేది. పోయి చూస్తే నిజంగానే చేసి ఉండేది."

"ఇంట్లో కుక్కరుకి కూడా అట్లాగే చెప్పేది" అన్నాడు మాస్టారు.

ఇద్దరూ నవ్వుకున్నారు. గురవయ్య గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆరేళ్ళు సారూ. పొద్దున డ్యూటీ ఎక్కి ఆ స్క్రీను చూట్టం, ముప్ఫై. దిగేటప్పుడు చూట్టం, ముప్ఫై. చూసీ చూసీ నా కళ్ళకి ముప్ఫై అచ్చు పడిపోయింది. మా మనవరాలు పుట్టింది కూడా ముప్ఫయ్యో తారీఖే అంటే..."

అక్కడ ఆగాడు. మాస్టారి మొహం చూశాడు.

"చెప్పకూడదా సారూ? మీరు ఆరేళ్ళ కిందటే అంకె ఇచ్చేశారుగా. ఇప్పుడు తెలిస్తే ఏమవుతుందిలే అనుకున్నా."

"ఏం కాలేదులే, గురవయ్యా. టీ తాగు."

ముప్ఫైలోంచి ఇరవైతొమ్మిది తీస్తే ఒకటి. ముప్ఫైలోంచి ఇరవయ్యారు తీస్తే నాలుగు. మూడో తరగతి లెక్క. వద్దనుకున్నా అది ఆయన తలలో అయిపోయింది. కాంతిమతి పైకి రాకముందే ఆయన వచ్చేశాడు.

ఆలస్యంగా వచ్చిన ముగ్గురిలో ఒకతె మస్తాన్‌బీ. ఇప్పుడు చీమకుర్తి మెయిన్ రోడ్డులో లేడీస్ టైలరు. ఆయన వెళ్ళేసరికి ఒకావిడ జాకెట్టు పట్టుకుని పోట్లాడుతోంది.

"జాకెట్టు కుట్టమంటే దిండుగలేబు కుట్టావు. యాడన్నా ఊపిరాడుతోందా ఇందులో?"

"కొలతలు ఇచ్చిన రోజుకీ ఇవాల్టికీ మధ్య ఎన్ని పెళ్ళిభోజనాలు తిన్నావో చెప్పక్కా, విప్పి కుడతా. టేపు అబద్ధమాడదు" అంటూ తలెత్తి, మాస్టారిని చూసి మిషను ఆపి లేచి నిలబడింది. "సార్! మీరేంది ఇట్టా వచ్చారు? కబురు పంపితే నేనే వచ్చేదాన్నిగా. మేడమ్ సంగతి విన్నాను సార్."

"కూర్చోమ్మా. ఒక చిన్న సంగతి. మీరు ఎనిమిదిలో ఉండగా వాన రోజు, వాగు దాటి ఆలస్యంగా వచ్చారు నువ్వూ, మీ అన్న నాగూరూ, ఇంకొకడు సుబ్బారెడ్డి. నేను ఫోనులో మాట్లాడుతున్నాను. మీరు గుమ్మం బయటే నిలబడి ఉన్నారు, అవునా?"

మస్తాన్‌బీ ఆయన కళ్ళలోకి చూసింది. "అవును సార్. బయటే ఉన్నాం. బాగా తడిసిపోయి. మీరు ఫోను పెట్టేసి రమ్మన్నారు."

"మీరు లోపలికి రాకముందే నేను లెక్క చెప్పేశాను."

"చెప్పేశారు సార్."

తిరుగు బస్సులో మాస్టారికి గాలి చల్లగా తగిలింది, మార్చి ఎండలోనే. ఇరవయ్యారు. నాలుగు మిగులుతుంది. దారి నిలిచే ఉంటుంది. దిగి అరడజను నిమ్మకాయలు కొన్నాడు. చాలా రోజుల తర్వాత పప్పులోకి పోపు పెట్టుకున్నాడు. రేపు బడి అయ్యాక వెళ్ళి చెప్పేయాలి. కాంతిమతి జూన్ లోపు పరిశోధన పత్రం రాయొచ్చు. పైన సలోమి పేరు ఉంటుంది.

మర్నాడు రెండో పీరియడు ఏడో తరగతికి నదులు చెబుతున్నాడు. "గోదావరి నాసిక్ దగ్గర పుట్టింది, అవునా?"

"అవును సార్!" గది మొత్తం ఒక్క గొంతు.

"తూర్పుకి పారుతుంది, అవునా?"

"అవును సార్!"

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"కృష్ణా నది మధ్యప్రదేశ్‌లో పుట్టింది, అవునా?"

"అవును సార్!"

ఒక్కరు కూడా తడబడలేదు. ముందు బెంచీలో క్లాసు ఫస్టు పిల్ల అందరికంటే గట్టిగా అంది. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరంలో అని నిన్ననే ఆ పిల్ల నోటుపుస్తకంలో రాసి చూపించింది.

ఆయన ఇరవై ఎనిమిదేళ్ళుగా వింటున్న జవాబు అది. పిల్లలది అబద్ధం కాదు. సారు మొహంలో ఏముందో చదివి, అది ఆయనకే తిరిగి ఇచ్చేస్తారు.

సాయంత్రం మళ్ళీ చీమకుర్తి వెళ్ళాడు. ఈసారి బల్ల మీద కూర్చుని, మొహం రోడ్డు వైపు తిప్పి అడిగాడు. "మస్తానూ, ఆ రోజు నేను ఫోను మాట్లాడేటప్పుడు మీరు ఎక్కడున్నారు?"

మిషను చప్పుడు ఆగింది.

"నిజం చెప్పమంటారా సార్? వాన గుర్తుంది. సుబ్బారెడ్డిగాడి చెప్పు వాగులో కొట్టుకుపోయింది, అదీ గుర్తుంది. ఫోను గుర్తులేదు. నిన్న మీ మొహం చూస్తే, అవునంటే మీరు కాస్త తేరుకుంటారనిపించింది. అందుకని అన్నా. తప్పా సార్?"

"కాదమ్మా. తప్పు అడిగినవాడిది."

ఆమె అక్కడికక్కడే మిగతా ఇద్దరికీ ఫోను చేసి స్పీకరులో పెట్టింది. సుబ్బారెడ్డి, "లోపలే ఉన్నాం, నేను బెంచీ మీద చొక్కా పిండుకుంటున్నా" అన్నాడు. నాగూరు, "ఆ రోజు నేనసలు బడికే రాలేదు" అన్నాడు.

"రిజిస్టర్లో ఉన్నావురా."

"అయితే సారు దయ తలిచి వేసుంటాడు" అన్నాడు నాగూరు. పక్కన సారు ఉన్నాడని మస్తాన్‌బీ చెప్పేలోపే పెట్టేశాడు. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఎవరికీ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు. ఇంటికి వచ్చి రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవయ్యారు అంటే చాలు. కాంతిమతి నమ్ముతుంది, లోకం నమ్ముతుంది, సలోమిని చూసి నవ్వినవాళ్ళు ఊరుకుంటారు. ఆయన చెప్పింది ఇరవయ్యారే అయి ఉండొచ్చు కూడా. సగానికి సగం అవకాశం ఉంది. ఆయన ఆ సగాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత రిజిస్టరు మూసి, దుమ్ము తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు.

పరిశోధనశాలలో కాంతిమతి ఆయనకు ఎదురుగా కూర్చుంది. మూలన గురవయ్య ఫ్యాను రెగ్యులేటరు బాగుచేస్తున్నాడు.

"అమ్మా, రెండు అంకెలున్నాయి. ఇరవయ్యారు, ఇరవైతొమ్మిది. ఏది చెప్పానో నాకు గుర్తులేదు. పైగా మీ స్క్రీను మీద ముప్ఫై ఉందని నాకు తెలుసు. అది తెలిశాకే ఒక పిల్లను అడిగాను. నాకు కావలసిన జవాబు వచ్చేట్టే అడిగాను."

కాంతిమతి కళ్ళద్దాలు తీసింది. "ముప్ఫై అని ఎవరు చెప్పారు?"

"ఆ పేరు అడక్కండి."

"నేనే మేడమ్" అన్నాడు గురవయ్య, స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని. "అచ్చు పడిపోయిందని చెప్పబోయి చెప్పేశా."

ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

"మాస్టారూ, మీరు ఇరవయ్యారు అని ఉంటే నేను నమ్మేదాన్ని" అంది కాంతిమతి చివరికి.

"నేనూ నమ్మేవాణ్ణమ్మా. అదే భయమేసింది."

"సలోమి చెప్పిందే నిజమై ఉంటే?"

"ఉంటే, నాలుగేళ్ళ తర్వాత కూడా నిజమే కదా."

ఆమె కిటికీలోంచి క్వారీ గోడలను చూస్తూ కూర్చుంది. పదిహేనేళ్ళు ఆమె కూడా ఆ బస్సులోనే వచ్చింది. "నా రిటైర్మెంటు కేకు మీద ముప్ఫై అని రాయించండి, గురవయ్యా" అంది. గురవయ్య ఏడవాలో నవ్వాలో తెలియక ఫ్యాను వైపు తిరిగాడు.

తిరుగు ప్రయాణం పరిశోధనశాల బస్సులోనే. ఎడమ వైపు మూడో వరసలో కిటికీ సీటూ దాని పక్క సీటూ ఖాళీగా ఉన్నాయి. నెల పైనుంచీ అక్కడ ఎవరూ కూర్చోవడం లేదని, నిలబడైనా వెళుతున్నారని డ్రైవరు చెప్పాడు. నలుగురు నిలబడే ఉన్నారు.

"గురవయ్యా, నువ్వు కూర్చో. మోకాళ్ళ నొప్పులంటావుగా" అన్నాడు మాస్టారు.

"నేనా సారూ?"

"కూర్చోవయ్యా. గాలి బాగా వస్తుందనేది ఆ సీటుకి."

గురవయ్య కూర్చున్నాడు. మాస్టారు పక్కన కూర్చున్నాడు. గాలి నిజంగానే బాగా వచ్చింది.

కొత్త సంఖ్యను మస్తాన్‌బీ ఎంచింది. భౌతికశాస్త్రం రాదు, మొహం చూసి అవునని చెప్పడానికి సారు గదిలో లేడు. యంత్రంలో ఆమే స్వయంగా వేసి వచ్చింది. ఈసారి చీటీ మీద అంకే రాసింది. ఎండకు పట్టినా కనపడకుండా దాన్ని నల్లటి లైనింగు గుడ్డలో పెట్టి నాలుగు వైపులా మిషను మీద రెండేసి కుట్లు వేసింది. "విప్పాలంటే నా దగ్గరికే రావాలి" అందట.

ఆ కుట్టు కవరు ఇప్పుడు బీరువాలో ఉంది. కాంతిమతి జూన్‌లో రిటైరయింది. స్ఫటికాన్ని విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించారు. మాస్టారు మాత్రం ఆదివారాలు ఇడ్లీలో ఒక్క పుల్లే గుచ్చి చూస్తున్నాడు.

రెండో పుల్ల మొదటిదాని కంటే తక్కువ పోగొట్టుకుంటుందో లేదో కొలవడం ఇంకా మొదలుకాలేదు.